పలుచని గాలి, పేదవాని బండి

భద్రాచలమునుండి చింతూరు మీదుగా మారేడుమిల్లి దారి పట్టినవానికి, కొండ వచ్చినదని కంటికంటె ముందు చెవి చెప్పును. చదునునేలపై నిశ్చింతగా సాగిన మోటారుసైకిలు తులసిపాక దాటి మలుపులు మొదలుకాగానే గొంతు మార్చును. నాల్గవ గేరులో నడచినది మూడింటికి, మూడింటినుండి రెంటికి దిగును. వెనుక కూర్చున్నవారి ఒడిలో బియ్యపు మూట, ముందు ట్యాంకుపై పిల్లవాడు ఉన్నచో ఏదో ఒక మలుపువద్ద ఎవరో ఒకరు దిగి నడువవలసినదే. బండికి ఆయాసము వచ్చినదని అప్పుడు చెప్పుకొందురు.

ఆ మాట వట్టి పోలిక కాదు. ఇంజను కూడ ఊపిరి తీయునదే. గాలిలోని ప్రాణవాయువు లేనిదే ట్యాంకు నిండ పెట్రోలున్నను అది నిష్ప్రయోజనము. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచబడును. గాలి పలుచబడినకొలది మనిషివలెనే యంత్రమునకును ఎగపోత కలుగును. ఆ ఎగపోతకు మందేమి, ఆ మందు పేదవానికి అందునా అనునది ఈ అడవి అంచున చిన్న ప్రశ్న కాదు.

ఏలయన ఈ సీమలో కొండ ఎక్కుట వినోదము మాత్రమే కాదు. 1953లో వరంగల్లు జిల్లానుండి విడివడి ఏర్పడిన ఖమ్మము జిల్లాలో, 1959లో గోదావరి ఆవలి భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలు చేరినవి. 1965లో భద్రాచలమువద్ద వంతెన తెరచిన పిదప ఆ రెండు తీరములను మోటారు దారి కలిపినది. 2014లో చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశములో కలిసినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. పటములమీద గీతలు మారినవి గాని, కొండవాలు మారలేదు. కోయగూడెములకు, కొండరెడ్ల పల్లెలకు పాఠము చెప్పబోవు ఉపాధ్యాయుడు, మందుల సంచితో పోవు ఆరోగ్య కార్యకర్త, చింతపండును కొండచీపుళ్ళను సంతకు దింపు వర్తకుడు అందరును నూరు ఘనసెంటీమీటర్ల చిన్నబండిపైననే పోవుచున్నారు. నాలుగు చక్రముల వాహనము పోలేని గూడెములనుండి రోగులను తెచ్చుటకై 2018లో ఆంధ్రప్రదేశపు ఏజెన్సీలో మోటారుసైకిలు అంబులెన్సులను ప్రవేశపెట్టినారు. ఇట్టిచోట బండి కొండమీద నిలిచిపోవుట ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి వచ్చును.

మరియొక తరగతివారును కలరు. ఖమ్మములోనో పాల్వంచలోనో చిన్న ఉద్యోగము చేసికొనుచు, పాతబండి నొకదానిని కొని, ఏనాటికైన లడఖ్ పోయి ఖార్దుంగ్ కనుమను ఎక్కి రావలెనని కలలుగను యువకులు. ఆ కనుమ ఎత్తు 5,359 మీటర్లు. వారి కల పెద్దది, చేతి సంచి చిన్నది. ఈ రెండు తరగతుల వారును తుదకు వచ్చి నిలుచునది ఒకే మెకానిక్కు కొట్టుముందు. అడుగునదియు ఒకే ప్రశ్న: తక్కువ ఖర్చులో ఈ బండి కొండ ఎక్కునట్లు చేయుట ఎట్లు?

గాలి బరువు తెలిసిన కథ

గాలికి బరువున్నదని లోకము తెలిసికొని నాలుగు వందల ఏండ్లయినను కాలేదు. 1643లో ఇటలీ శాస్త్రజ్ఞుడు టొర్రిచెల్లీ పాదరసపు గొట్టముతో వాయుపీడనమును కొలుచుటకు దారి చూపెను. గాలి బరువే పాదరసమును నిలుపుచున్నచో, కొండపైకి పోయినకొలది పై గాలి తగ్గి పాదరసము దిగవలెను గదా అని ఫ్రాన్సులో పాస్కల్ ఊహించెను. ఆయన బావగారైన ఫ్లోరెన్ పెరియే 1648 సెప్టెంబరు 19న ఆ గొట్టమును తీసికొని ప్యూయి ద డోమ్ అను పర్వతము నెక్కెను. శిఖరముమీద పాదరసము మూడంగుళములకు పైగా దిగినది. నేడు మన బండి గొంతు మారుటకు గల కారణము ఆనాడే తేలినది.

సముద్రమట్టమున గాలి పీడనము 760 మిల్లీమీటర్ల పాదరసము. వేయి మీటర్ల ఎత్తున అది సుమారు 674. లేహ్ పట్టణమున్న 3,500 మీటర్ల ఎత్తున 493. ఖార్దుంగ్ కనుమపై 390కి లోబడియుండును. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడనైనను నూటికి ఇంచుమించు 21. పాలు తగ్గదు, మొత్తమే తగ్గును. గంపలో పండ్లు సగమైనప్పుడు అందులోని మామిడిపండ్లును సగమైనట్లు.

ఈ లెక్కను బట్టి ఇంజను బలము వేయి మీటర్లకు ఇంచుమించు నూటికి పదివంతున తగ్గుచు పోవును. మైదానములో 8 అశ్వశక్తులుగల చిన్నబండికి ఖార్దుంగ్ కనుమపై మిగులునవి 4.6 మాత్రమే. బండి, ఇద్దరు మనుషులు, మూటలు కలిసి 300 కిలోలైనచో, పన్నెండడుగులకు ఒక అడుగు లేచు వాలును గంటకు 30 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు, ఆ బరువును పైకెత్తుటకే దాదాపు మూడు అశ్వశక్తులు చెల్లును. చైను, టైర్లు, ఎదురుగాలి తమ భాగము తాము తీసికొనును. కావున పైన బలము తగ్గుట ఏ మెకానిక్కును మాన్పలేని నష్టము. మాన్పదగినది మరియొకటి కలదు.

పాకము తప్పుట

ఇంజనులో పెట్రోలు చక్కగా మండుటకు తూకములో 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు కావలెను. ఈ పాకమును కలుపు వంటవాడు కార్బురేటరు. జర్మనీలో మేబాక్ అను శిల్పి 1893 నాటికి పెట్రోలును తుంపరగా చల్లు కార్బురేటరును రూపొందించెను. దాని సూత్రము సులభము. గొట్టము ఒకచోట సన్నబడినప్పుడు అందు పోవు గాలి వేగము పెరిగి ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదల క్రింది గిన్నెలోని పెట్రోలును సన్నని రంధ్రముగుండ పైకి లాగును. ఆ రంధ్రముగల ఇత్తడి మరను మన మెకానిక్కులు జెట్టు అందురు.

ఈ వంటవానికొక లోపమున్నది. వాడు గాలిని గరిటెతో కొలుచును గాని తక్కెడలో తూచడు. కొండపైకి పోయిన పిదప గరిటె నిండుగనే కనబడును, అందులోని గాలి మాత్రము తేలిక. పెట్రోలు కూడ కొంత తగ్గును గాని గాలి తగ్గినంత తగ్గదు. గాలి సాంద్రత తగ్గిన నిష్పత్తికి వర్గమూలము ఎంతయో పెట్రోలు అంతే తగ్గును. ఖార్దుంగ్ కనుమపై గాలి సాంద్రత నూటికి 58; 0.58కి వర్గమూలము 0.76, అనగా గాలి 58 వంతులు, పెట్రోలు 76 వంతులు. పాకములో పెట్రోలు మూడవవంతుకు కొంచెము తక్కువగా ఎక్కువైనదన్నమాట. అట్టి బండి నల్లపొగ వదలును, ప్లగ్గుపై మసి పట్టును, ఆక్సిలరేటరు తిప్పగానే గొంతు పట్టును, మైలేజి పడిపోవును. గాలి తగ్గినందువలన పోయిన బలమునకు తోడు పాకము తప్పినందువలన మరికొంత పోవును. ఈ రెండవ నష్టము మాత్రము తప్పించుకొనదగినది. ట్యూనింగు అనునది దీనికే.

2020 ఏప్రిల్ 1నుండి మన దేశమున అమ్ము కొత్తబండ్లకు ఆరవ భారత ప్రమాణము వర్తించినది. అప్పటినుండి చాల బండ్లలో కార్బురేటరు స్థానమున పెట్రోలును చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అందు గాలి ఒత్తిడిని కనిపెట్టు పరికరముండి, పాకమును దానంతటదే సరిచేసికొనును. ఆ బండ్ల యజమానులు జెట్ల జోలికి పోనక్కరలేదు. అయితే వాటికిని కొండపై బలము తగ్గక మానదు. అడవి పల్లెలలో నేటికిని తిరుగుచున్న అనేకమైన పాతబండ్లు, 1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డు ఇండియావారి పాత ఇనుప ఇంజను బుల్లెట్లు, కార్బురేటరు బండ్లే. ఇక చెప్పవలసినది వాటిని గూర్చియే.

కొత్తగూడెములో వేయి మీటర్లు

ఇక్కడ ఈ ప్రాంతమువారు గమనింపవలసిన విశేషమొకటి కలదు. గాలి ఎత్తువలననే కాదు, వేడివలనను పలుచబడును. 15 డిగ్రీల వద్ద ఉన్న గాలిని 45 డిగ్రీలకు వేడిచేసినచో దాని సాంద్రత నూటికి 90కి దిగును. అనగా మే నెల మధ్యాహ్నము కొత్తగూడెములో తిరుగు బండి, పటముమీద చదునుననే ఉన్నను, ఊపిరి లెక్కలో వేయి మీటర్ల కొండమీద నున్నట్లే. ఇంకను చిత్రమేమనగా, సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున చలి 5 డిగ్రీలకు దిగినప్పుడు అక్కడి గాలి సాంద్రత నూటికి 92 ఉండును. వేసవి మిట్టమధ్యాహ్నపు కొత్తగూడెముకంటె హేమంతపు లంబసింగి గాలియే చిక్కన!

దీనినుండి డబ్బు మిగిల్చు నీతి ఒకటి దొరకుచున్నది. మే నెల ఎండలో కొత్తగూడెమునుండి భద్రాచలమునకు ఏ జెట్టును మార్చక నడచిన బండికి, మారేడుమిల్లికి గాని లంబసింగికి గాని జెట్టు మార్పనవసరము లేదు. అక్కడ బండి ఆయాసపడినచో తప్పు గాలిది కాదు. వాలుది, బరువుది, అంతకుమించి బండి పోషణలోని అశ్రద్ధది. కనుమ పేరు చెప్పి ఖరీదైన సామాను అంటగట్టువారి మాట వినుటకు ముందు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనవలెను.

కనుమ అను మాట నేడు తెలుగువారి నోట పండుగ పేరుగా మిగిలినది. దారి అను అర్థమున భూగోళ పాఠములోని తూర్పు కనుమలలో దాగియున్నది. 1944లో తిరుమలకు మోటారు దారి పడిన నాటినుండియో, అంతకు ముందునుండియో, ఘాట్ రోడ్డు అను మాట దానిని త్రోసివేసినది. మాట మారినను పని మారలేదు. కొండలకు నడుమ దొరకిన సందులో మనిషి దూరి దాటుటయే కనుమ.

కాసు ఖర్చులేని పనులు

చౌకగా బండిని కొండకు సిద్ధము చేయువాడు కొనుటతో కాక కడుగుటతో మొదలుపెట్టవలెను. మొదటిది ఏర్ ఫిల్టరు. అడవి దారుల ఎర్రదుమ్ము, ఖమ్మము క్వారీ లారీల దుమ్ము నిండిన ఫిల్టరు మైదానములోనే బండి ముక్కు మూసియుంచును. నురగ ఫిల్టరైనచో కడిగి, ఆరబెట్టి, తగినంత నూనె పట్టింపవలెను, కాగితపుదైనచో మార్చవలెను. కొందరు కొండమీద గాలి చాలుటలేదని ఫిల్టరునే తీసివేయుదురు. ఇది ఇంటికి గాలి రాలేదని తలుపులు ఊడబెరికి దొంగలను పిలుచుట వంటిది. లోపలికి పోయిన ఇసుక రేణువులు పిస్టనును, బోరును గీరివేయును. ఆదాయము పూట గాలి, వ్యయము ఇంజను.

రెండవది కార్బురేటరు గిన్నె. అడుగున చేరిన నీరు, తుప్పు, మడ్డిని కడిగి, జెట్ల రంధ్రములను గాలితో ఊదవలెను. మూసికొన్నచో మెత్తని రాగితీగతో మాత్రమే తీయవలెను. ఉక్కుతీగతో పొడిచినచో రంధ్రము పెద్దదై, పెట్రోలు ఎక్కువ పోయి, చేయదలచిన దానికి విరుద్ధ ఫలము కలుగును. మూడవది ప్లగ్గు, దాని నడిమి సందు. నాల్గవది వాల్వుల సందు. అది బిగిసిపోయినచో వాల్వులు పూర్తిగా మూయక ఒత్తిడి జారిపోవును. ఐదవది చైను, బ్రేకులు. బండిని మధ్య స్టాండుపై నిలిపి వెనుక చక్రమును చేతితో తిప్పినచో స్వేచ్ఛగా తిరుగవలెను. బ్రేకు పట్టియుండి కొండ ఎక్కుట, ఎద్దును వెనుకకు లాగుచు బండి తోలుట రెండును ఒక్కటే. ఆరవది క్లచ్చి. ఇంజను అరచుచు బండి కదలనిచో ప్లేట్లు జారుచున్నవని తెలియవలెను. అది ఏ జెట్టువలనను కుదురదు.

ఈ ఆరింటికి ఒక పూట పని, కొద్దిపాటి సామాను చాలును. మారేడుమిల్లి ఘాట్‌లో దిగి నడువవలసిన అవసరము చాల బండ్లకు దీనితోనే తప్పును.

సూది, జెట్టు

అంతకుమించిన ఎత్తునకు పోదలచినవానికి దగ్గరలోనే ఒక పరీక్షాస్థలము కలదు. చింతూరునుండి మోటు, మల్కనగిరి, జయపురము మీదుగా కొరాపుట్ చేరి, అక్కడికి సమీపముననున్న దేవమాలి పర్వతమును ఎక్కవచ్చును. దాని శిఖరము 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకు మించినది లేదు. శిఖరము దాపువరకు దారి కలదు. గోదావరి ఒడ్డుననున్న భద్రాచలమునుండి పోయినవానికి ఇది పదహారు వందల మీటర్ల ఆరోహణము. లడఖ్‌కు వేల రూపాయలు ఖర్చుపెట్టుటకు ముందు బండిని, తన్ను, తన మెకానిక్కును పరీక్షించుకొనుటకు ఇంతకంటె చౌకైన చోటు లేదు.

అక్కడ గాలి సాంద్రత నూటికి 85. పాకములో పెట్రోలు నూటికి ఎనిమిది వంతులు అధికమగును. దానికి కార్బురేటరులోని సూదిని దింపుట చాలును. థ్రాటిల్ స్లైడు నడుమ వ్రేలాడు ఈ సూదికి పైభాగమున గాట్లుండును; ఒక గాటులో చిన్న క్లిప్పుండును. క్లిప్పును ఒక గాటు పైకి మార్చినచో సూది క్రిందికి దిగి, పెట్రోలు దారిని ఇరుకు చేయును. సగము థ్రాటిల్‌లో బండి తేలికపడును. దీనికి కొనవలసినది ఏమియు లేదు. కొన్ని చిన్నబండ్ల సూదులకు గాట్లుండవు. అట్టివానికి ఈ ఉపాయము చెల్లదు.

తరువాతిది స్లో రన్నింగు మర. ఇక్కడనే చాలమంది పొరపడుదురు. ఆ మర ఫిల్టరు వైపున ఉన్నచో అది గాలిని పాలించునది. బయటికి తిప్పినచో పాకము పలుచనగును. ఇంజను వైపున ఉన్నచో అది పెట్రోలు పాకమును పాలించునది. లోనికి తిప్పినచో పలుచనగును. ఈ భేదము తెలియక తిప్పినవాడు రోగము కొకటి, మందు కొకటి చేసినవాడగును. తిప్పుటకు ముందు మర ఎన్ని చుట్లున్నదో లెక్కపెట్టి కాగితముమీద వ్రాసికొనవలెను.

లడఖ్ పోవువారికి పెద్ద జెట్టు మార్పు కావలసివచ్చును. రంధ్రపు వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులుగా చెప్పు జెట్లలో, మైదానమున 100 అంకెది సరిపోయిన బండికి లేహ్ ఎత్తున 92, ఖార్దుంగ్ కనుమపై 87 లెక్కకు సరిపోవును. కొన్ని కంపెనీల జెట్లపై అంకె వ్యాసమును కాక ప్రవాహమును తెలుపును. వాటికి ఈ లెక్క వర్తింపదు. అయినను ఎవరును కనుమకొక జెట్టు మార్చుచు పోరు. లేహ్‌కు తగినదానిని బిగించి, పైన మిగిలిన అధికమును సూదితో సవరించుకొనుట మధ్యేమార్గము. జెట్టు వెల ఒక పూట భోజనపు ఖర్చుకు అటునిటుగా ఉండును. వేలు పోసి కొను సైలెన్సర్లు చేయలేని మేలు ఈ చిన్న ఇత్తడి మర చేయును. ఆ సైలెన్సర్లు ఇచ్చు చప్పుడు చట్టమునకును విరుద్ధము.

మార్పు సరిపోయినదో లేదో చెప్పు సాక్షి ప్లగ్గు. నిరపాయమైన తిన్నని ఎక్కుడులో కొంతదూరము బండిని బలముగా లాగించి, క్లచ్చి పట్టి ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూడవలెను. లేత గోధుమవన్నె ఉన్నచో పాకము కుదిరినది. నల్లని మసి ఉన్నచో పెట్రోలు ఎక్కువ. సున్నమువలె తెల్లగా ఉన్నచో పెట్రోలు తక్కువ. ఇది మసికంటె అపాయకరము. మసి బండిని ఆపును, తెలుపు ఇంజనును చంపును. పెట్రోలు చాలని పాకములో వేడి మితిమీరి పిస్టను పట్టివేయవచ్చును, కరుగవచ్చును. కావున సందేహమున్నప్పుడు నలుపువైపే మొగ్గుట మేలు.

బలమును పెంచలేనిచోట పట్టును పెంచవచ్చును. చైను తిప్పు ముందు పళ్ళచక్రమునకు 14 పళ్ళున్నచోట 13 పళ్ళది వేసినచో, వెనుక చక్రమును త్రిప్పు పట్టు నూటికి ఏడెనిమిది వంతులు పెరుగును; వేగము అంతే తగ్గును. మూటలతో నిత్యము ఘాట్ ఎక్కు సంత వర్తకునికి ఇది మంచి బేరము. చదునున ఎక్కువ తిరుగువానికి పెట్రోలు నష్టము. ఎవరి దారి ఎట్టిదో వారే చూచుకొనవలెను.

దిగుట

ఎక్కుటకు వేయి ఉపాయములడుగువాడు దిగుటను గూర్చి ఒక్కటియు అడుగడు. కాని కొండమీద ప్రాణములు పోవునది ఎక్కువగా దిగుటలోనే. చింతూరు, మారేడుమిల్లి నడుమనున్న ఈ ఘాట్‌లోనే 2019 అక్టోబరులో యాత్రికుల వాహనము లోయలో పడి పలువురు మరణించినారు. పెట్రోలు మిగులునని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారుచు దిగువారు ఈ దారులలో నేటికిని కలరు. మిగులునది కొద్ది రూపాయల పెట్రోలు. పోవునది ఇంజను ఇచ్చు పట్టు. బరువంతయు బ్రేకులమీద పడి, అవి వేడెక్కి, అవసరమైన మలుపువద్ద పట్టక పోవును. ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగుము అనునది ఘాట్‌కు మొదటి సూత్రము. ఇది ఖర్చులేని సూత్రము గనుకనే కాబోలు, దీనికి విలువ తక్కువ.

టైర్ల విషయములోను ఎత్తు తన చేతివాటము చూపును. బయటి ఒత్తిడి తగ్గినకొలది లోపలి గాలి బిగువుగా తోచును. గోదావరి ఒడ్డున 28 పౌండ్లు నింపిన టైరు, వేడి మారకున్నచో, ఖార్దుంగ్ కనుమపై 35 చూపును. అక్కడి చలి ఆ పెరుగుదలలో కొంత తగ్గించును గాని పూర్తిగా తగ్గింపదు. కావున పైన ఒకసారి కొలిచి, రాళ్ళదారికి తగినట్లు సరిచేసికొని, దిగిన పిదప మరల నింపుకొనవలెను.

రెండు ఊపిరులు

బండికి జెట్టు మార్చవచ్చును; మనిషికి మార్చు జెట్టు లేదు. 2,500 మీటర్లు దాటిన పిదప గాలికొఱత మనిషిని తలనొప్పిగా, వాంతిగా, నిద్రలేమిగా పట్టును. అలక్ష్యము చేసినచో ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణము తీయును. ఖార్దుంగ్ కనుమపై నీరు సుమారు 82 డిగ్రీలకే మరగును. మూత బిగించు కుక్కరు లేనిదే పప్పు ఉడకదు. అట్టిచోట భద్రాచలపు మనిషి దేహము ఒక్కనాట అలవాటుపడునని తలచుట అవివేకము. లేహ్‌లో రెండుదినములు విశ్రమింపవలెను. 3,000 మీటర్లు దాటిన పిదప దినమునకు 500 మీటర్లకు మించి ఎత్తున నిద్రింపరాదు. లక్షణములు ముదిరినచో ఏ మందుకొరకును కాచుకొనక క్రిందికి దిగవలెను. డబ్బు చాలక తొందరపడు యాత్రికునికి కలుగు ప్రమాదమిదియే. సెలవు తక్కువ, లాడ్జి ఖర్చు ఎక్కువ అని ఆ రెండుదినములను కోసివేయును. కోయదగినవి చాల ఉన్నవి. మెరిసెడి లైట్లు, కంపెనీ చొక్కా, బొమ్మల స్టిక్కర్లు. విశ్రాంతి మాత్రము కోయదగినది కాదు.

శ్రీనగరము మీదుగా పోవువాడు 3,528 మీటర్ల జోజి కనుమను దాటి, మెల్లమెల్లగా ఎత్తునకు అలవాటుపడుచు పోవును. మనాలీ మీదుగా పోవువానికి, 2020లో అటల్ సొరంగము తెరచిన పిదప రోహ్‌తంగ్ కనుమ శ్రమ తగ్గినను, లేహ్ చేరుటకు ముందే 5,328 మీటర్ల తంగ్‌లంగ్ కనుమ ఎదురగును. మొదటిసారి పోవు మైదానవాసికి మొదటి దారి దయగలది.

ఇక మిగిలినది తిరిగి వచ్చుట. కొండ ఎక్కినవాని ఉత్సాహము దిగిన పిదప ఉండదు. బండి నడుచుచున్నది గదా యని చిన్న జెట్టుతోనే మైదానమునకు వచ్చును. పైన ప్రాణము పోసిన ఆ జెట్టే క్రింది చిక్కని గాలిలో ఇంజనుకు పెట్రోలు చాలకుండ చేయును. ప్లగ్గు తెల్లబడును, ఇంజను కాలును, దేశమంతయు దాటివచ్చిన బండి తుదకు సొంత ఊరి పొలిమేరలో పట్టివేయును. వాయిదాలపై బండి కొన్నవానికి ఆ నష్టము ఒక్క ఏటిలో తీరునది కాదు.

అందుచేత ఈ పని తెలిసిన మెకానిక్కు, చిన్న జెట్టును బిగించుటకు ముందే విప్పిన పాతజెట్టును గుడ్డముక్కలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, దానిపై అంకె వ్రాసి, యజమాని చేతికిచ్చును. దానిని పెట్టుకొనవలసినది సామాను సంచి అడుగున కాదు, చొక్కా జేబులో; బండి చల్లని కొండలను విడిచి చదునునేలకు దిగిన మొదటి ఊరిలోనే అది మరల కార్బురేటరులో తన చోటు చేరవలెను.